పటంలో మా చాంపియన్ రీఫ్స్ యూనిట్

మా కె.జి.ఎఫ్. బస్సును నిలిపేస్తారన్న కబురు వేమగల్ ఫ్యాక్టరీలో టీ బండితో పాటు తిరిగింది. టీ బండి అంటే తేలిగ్గా తీసుకోకండి. మా ఫ్యాక్టరీలో దానికంటే వేగంగా కదిలేదీ, దానికంటే వేళకు వచ్చేదీ ఇంకొకటి లేదు. అది మొదటి షెడ్డు నుంచి మూడో షెడ్డు చేరేలోపు ఒక్క బస్సు కాస్తా అన్ని బస్సులూ అయింది. గేటు దగ్గరికి వచ్చేసరికి ఫ్యాక్టరీయే మూసేస్తున్నారు. గేటు బయటి పాన్‌ డబ్బా చేరేసరికి మా స్థలంలో టమాటా మండీ కట్టేసి, మొదటి లోడు దింపేశారు కూడా.

మా ఊరివాళ్లకు మూసివేత కబుర్లు కొత్త కాదు. బంగారు గనులనే మూసిన వాళ్లు బస్సును మూయరా? అందుకే ఏదైనా ఆగిపోతుందంటే కె.జి.ఎఫ్.లో ఎవరూ "నిజమా?" అని అడగరు. "యా తేదీ నుంచి?" అని అడుగుతారు.

నేను ఆ ఫ్యాక్టరీలో కంప్యూటర్ విభాగానికి అధిపతిని. విభాగంలో నేనూ, ఒక సర్వరూ, ఆ సర్వరును చల్లబరిచే ఏసీ ఉండేవాళ్లం. ముగ్గురిలో ఎక్కువ మర్యాద ఏసీకి. అది మొరాయిస్తే బెంగళూరు నుంచి మనిషి కారులో వచ్చేవాడు, నేను మొరాయిస్తే ఎవరూ వచ్చేవాళ్లు కాదు. కార్ల తలుపులకు లోపలివైపు ఉండే ప్లాస్టిక్ పిడులు, డై అనే ఇనుప అచ్చుల్లో పోసి మేం చేసే సరుకు. ఈ దేశంలో కారు ఎక్కి క్షేమంగా దిగిన ప్రతివాడూ ఒకసారి మా పిడి పట్టుకునే ఉంటాడు. వాళ్లెవరూ ఇంతవరకు కృతజ్ఞతలు చెప్పలేదు, అది వేరే విషయం.

ఇక బస్సు. ఆండర్సన్‌పేటలో బయల్దేరి, చాంపియన్ రీఫ్స్‌లో గని కార్మికుల పాత లైన్ల, అంటే వరుస ఇళ్ల, ముందు ఆగి, బంగారుపేట, కోలారు మీదుగా వేమగల్ చేరుతుంది. దాని పెయింటు అసలు రంగేమిటన్నదానిపై మాలో మూడు వర్గాలు ఉండేవి. కిటికీలు మూసి ఉంటే తెరుచుకోవు, తెరిచి ఉంటే మూసుకోవు. సైనైడు దిబ్బల మీద గాలి లేచిన రోజున, బంగారం తీసేసిన ఆ పిండి దుమ్మంతా మా ముఖాలకు పూసుకుని దిగేవాళ్లం. గేటు దగ్గర సెక్యూరిటీ అతను మమ్మల్ని గుర్తింపు కార్డుతో కాక దగ్గుతో పోల్చుకునేవాడు. ఆ దుమ్ములో మిగిలిన బంగారాన్ని లెక్కగడితే, నా ఊపిరితిత్తుల ధర నా జీతం కంటే ఎక్కువే పలుకుతుంది.

డ్రైవరు గనిలో వైండింగ్ ఇంజను నడిపినవాడు. అంటే మనుషుల్ని ఇనుప కేజ్‌లో నిలబెట్టి, తాడు మీద భూమి లోపలికి దించి, షిఫ్టు అయ్యాక పైకి లాగిన చేయి. గనులు మూశాక స్టీరింగు పట్టాడు గానీ, ఆయన లెక్కలో బస్సంటే అడ్డంగా పోయే కేజే. గంట కొట్టనిదే కదిలేవాడు కాదు. తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు నిదానంగా, తేడా లేకుండా గంట కొట్టాలి. తొందరపడి గణగణలాడిస్తే ఇంజను ఆపి, అద్దంలోంచి చూసి, "ఎవుర్రా అది? తాడు తెగిందా?" అనేవాడు.

అయితే నేను చెప్పదలచుకున్నది బస్సు గురించి కాదు, బస్సు తలుపు దగ్గర జరిగే పని గురించి. గనిలో ఒక అలవాటు ఉండేది. షిఫ్టు ముగించుకుని పైకొచ్చినవాడు, దిగబోతున్నవాడికి ముఖాముఖి చెప్పకుండా ఇంటికి పోడు. ఏ వైపు రాయి వదులుగా ఉంది, ఎక్కడ నీరు ఊరుతోంది, మేస్త్రీ ఎలాంటి మూడ్‌లో ఉన్నాడు. అందుకు బదులుగా దిగేవాడు ఊరి కబురు చెబుతాడు. పొద్దుట్నుంచీ భూమి అడుగున ఉన్నవాడికి పైన ఏం జరిగిందో ఎలా తెలుస్తుంది? లోపలి కబురు ఒకరిది, బయటి కబురు ఇంకొకరిది. దీన్ని మావాళ్లు "చెప్పి పోయేది" అనేవాళ్లు. గనులు పోయాయి, ఇది మాత్రం పోలేదు. ఆ కార్మికుల కొడుకులూ కూతుళ్లూ దాన్ని టిఫిన్ డబ్బాతో పాటు వేమగల్‌కు తెచ్చుకున్నారు.

మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ మా గేటు దగ్గర ఈ తతంగం చూడాలి. బస్సు వచ్చి ఆగుతుంది. దిగేవాళ్లు దిగుతారు, ఎక్కాల్సినవాళ్లు ఎదురుగా నిలబడతారు. పెళ్లిలో రెండు పక్షాలవాళ్లు ఎదురైనట్టు.

"మూడో మెషిన్ వేడెక్కతా ఉండాది. నీళ్ల పైపు ఒకసారి తట్టి చూడు, వదల్తాది."

"సరే. మీ లైన్లో నీళ్లు రాలా. మీ అత్త బిందెలు పెట్టి కాపలా కూచున్నాది. ఎదురింటామెతో ఒకటి జగళ కూడా అయింది."

"ఎవురు గెలిచినారు?"

"మీ అత్తే."

"అయితే పర్లేదు. డై నెంబరు రెండు అంటుకుంటా ఉండాది, స్వల్ప ఆయిల్ కొట్టు."

ఇలా ఓ పావుగంట. ఈ పావుగంటలో ఫ్యాక్టరీ ఆరోగ్యమూ కె.జి.ఎఫ్. ఆరోగ్యమూ చేతులు మారేవి. వీళ్లందరికీ పెద్ద దిక్కు ఐదో మెషిన్ అక్క. ఆవిడ ఇల్లు చాంపియన్ రీఫ్స్ లైన్లలో, గనిలోకి దిగే షాఫ్టు మీది ఇనుప చక్రాల గోపురానికి ఎదురుగా. తండ్రి గనిలో పనిచేసినవాడు. ఆవిడ గొంతు ఎత్తితే ఆ గోపురం మీది చక్రం ఇన్నేళ్ల తర్వాత కూడా కొంచెం తిరుగుతుందని బస్సులో అనుకునేవాళ్లు. నేను చూశాను. తిరగడం కాదు, వణికింది.

అలాంటి రోజుల్లో బెంగళూరు హెడ్డాఫీసు ఒక ఆర్కిటెక్టును పంపింది. కుర్రవాడు, మంచివాడు, బూట్లు మాత్రం కోలారు జిల్లాలో దొరికే ఏ దుమ్ముకూ సిద్ధమై రాలేదు. ఆయన పని ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్. మీటింగు గదిలో ప్రొజెక్టరు పెట్టాడు. దాని వెలుగుకు మా మేనేజరు కళ్లజోడు మీద జోడు పెట్టుకోవాల్సి వచ్చింది.

"మీ బిజినెస్ ఒక దారిన పోతోంది, మీ ఐటీ ఒక దారిన పోతోంది. రెంటినీ అలైన్ చేయాలి" అన్నాడు.

ఐటీ అంటే నేనే కాబట్టి, నేను ఏ దారిన పోతున్నానో నాకే తెలియక కాసేపు కిటికీలోంచి చూశాను.

ఆయన చెప్పిన పద్ధతి సులువే. కంపెనీ మొత్తాన్ని ఒకే పటం మీద గీస్తారు. పైన కంపెనీ చేసే పనులన్నీ పెట్టెలుగా, కింద కంప్యూటర్లూ సాఫ్ట్‌వేర్లూ పెట్టెలుగా. ఏ పనికి ఏ కంప్యూటరు సాయపడుతోందో వాటి మధ్య గీతలు. గీత తగలని పెట్టె ఉంటే అది దండగ ఖర్చు, తీసేయాలి. ఇప్పుడున్నది ఒక పటం, రేపు ఉండాల్సింది ఇంకో పటం. రెండో పటానికి డైరెక్టర్లు తల ఊపితే అది శాసనం.

మేనేజరుకు ఇది తెగ నచ్చింది. కన్నడంలో ఆలోచించి తెలుగులో మాట్లాడే మనిషి ఆయన. "చాలా చెన్నాగుంది. అంతా ఒకే పేపర్‌లో! ఇంత దినా యాకె చేయలేదు మనం?" అని నా వైపు చూశాడు. ఇంతకాలం ఆ పేపరు నేనే దాచినట్టు.

వారం రోజులు ఆర్కిటెక్టు ఫ్యాక్టరీ అంతా తిరిగి పటం గీశాడు. గోడంత పటం. చూడ్డానికి సాలెపురుగుల మహాసభలా ఉంది. ఎక్కడ చూసినా గీతలే. మూలన ఒక్క పెట్టె మాత్రం ఒంటరిగా, నీట్‌గా, గీత అన్నది ముట్టకుండా ఉంది. దాని మీద "కె.జి.ఎఫ్. రవాణా" అని రాసి ఉంది.

రేపటి పటంలో ఆ పెట్టె లేదు. కోలారు నుంచి ఒకే బస్సు; కె.జి.ఎఫ్. వాళ్లు ఎవరి తంటాలు వాళ్లు పడి కోలారు చేరాలి. పొద్దుటి షిఫ్టుకు అందేలా మా ఊరి నుంచి కోలారుకు బస్సు దొరకడమంటే, మూతపడిన షాఫ్టులో మళ్లీ బంగారం దొరకడమే. అంటే బస్సు పోతే ఆ బస్సులోని వాళ్లందరి పనీ పోతుంది. నా పని పోదేమో గానీ నా నిద్ర పోతుంది. నేను జీవితంలో హాయిగా నిద్రపోయేది ఆ కిటికీ పక్కనే.

టీ బండి కబురు పుట్టింది ఆ పటంలోంచే. ఆ సాయంత్రం బస్సులో అసలు విషయం చెప్పాను. డ్రైవరు అద్దంలోంచి అడిగాడు.

"బస్సుకి ఏం తక్కువంట సార్?"

"గీత లేదంట."

"ఏం గీత?"

"కంప్యూటర్‌తో సంబంధం లేదంట. అలైన్‌మెంట్ లేదంట."

"మొన్ననే చేయించినాం కదా అలైన్‌మెంట్! నాలుగు చక్రాలూ!"

అక్క వెనక్కి తిరిగి నా మీద పడింది. "నువ్వు కంప్యూటర్ సారువే కదప్పా? ఒక గీత గీసేదానికి నీకి చేతకాలేదా? మా పాప ఇస్కూల్లో దినామూ గీస్తాది."

"ఊరికే గీయకూడదమ్మా, ఏదో ఒకటి ఆ గీతలో పోతా ఉండాల."

"మేం పోతా ఉండాం కదా!"

మనుషులు పోయే గీత ఆర్కిటెక్చర్ శాస్త్రంలో లేదు.

మర్నాడు షిఫ్టు మారే వేళకు ఆర్కిటెక్టును గేటు దగ్గరికి లాక్కొచ్చి నిలబెట్టాను. "ఈ బస్సు రోజూ ఏం మోస్తోందో ఒకసారి వినండి" అన్నాను. ఆయన విన్నాడు. మూడో మెషిను వేడి, రెండో నెంబరు డై జిగురు, కొత్త సూపర్‌వైజరు కోపం, ఎవరి చేతికి ఏ మెషిను వాటం. వింటూ వింటూ ఆయన ముఖం తెల్లవారినట్టు వెలిగింది.

"సార్, ఇది అద్భుతం! ఇంత సమాచారం! ఇదంతా ఏ సిస్టమ్‌లో ఉంది?"

"వాళ్లలోనే ఉంది."

వెలుగు ఆరిపోయింది. "రికార్డు కాకపోతే లేనట్టే సార్" అన్నాడు జాలిగా, శవం నాడి పట్టి చూసిన డాక్టరులా. మళ్లీ ఆయనే ఒక దారి చెప్పాడు. ఈ మాటలన్నీ ట్యాబ్‌లలో ఎక్కిస్తే, ఆ సమాచారం బస్సు నుంచి హెడ్డాఫీసు కంప్యూటరుకు పోతుంది. పోతే గీత వస్తుంది. గీత వస్తే పెట్టె ఉంటుంది. పెట్టె ఉంటే బస్సు ఉంటుంది. డైరెక్టర్లు పటం చూసేలోపు ఇది జరిగిపోవాలి.

ట్యాబ్‌లు వచ్చాయి. ఆర్కిటెక్టు స్వయంగా బస్సెక్కి, నడిచే బస్సులో రాడ్డు పట్టుకుని ఊగుతూ పాఠం చెప్పాడు. నాలుగు గళ్లు నింపాలి. ఒకటి, ఏ చోటు. రెండు, ఏం సమస్య. మూడు, ఎంతమందికి ఇబ్బంది. నాలుగు, రంగు: మామూలైతే పచ్చ, కొంచెం ఎక్కువైతే పసుపు, ప్రాణం మీదికొస్తే ఎరుపు.

"మీరు రోజూ ఏం మాట్లాడుకుంటారో అదే రాయండి. ఒక్క మాట కూడా వదలొద్దు" అని చేతులు జోడించాడు.

"ఒక్క మాట కూడానా?" అని అక్క రెట్టించింది.

"ఒక్కటి కూడా."

ఆ మాట ఆయన అనకుండా ఉండాల్సింది. మావాళ్లు గని మనుషుల పిల్లలు. ఒక గంట కొడితే దించమంటే ఒక గంటకే దించుతారు, రెండు గంటలు కొడితే లేపమంటే రెండు గంటలకే లేపుతారు. ఒక్క మాట వదలొద్దంటే వదలరు.

ఆ రోజు నుంచి బస్సు కదిలే ఆఫీసైపోయింది. ట్యాబ్ చేతికి రాగానే మొదటి గడి "ఏ చోటు" అని అడిగింది. బస్సు అప్పుడు ఎక్కడుందో ఆ చోటే రాశారు. ఇందులో తప్పేముంది? అడిగింది చోటేగా. ఒకామె ఆండర్సన్‌పేట అని కొట్టింది. లైన్ల దగ్గర ఎక్కినవాళ్లు చాంపియన్ రీఫ్స్ అని, ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎక్కినవాళ్లు వేమగల్ అని కొట్టారు.

"అక్కా, మూడో మెషిన్ వేడికి యా రంగు?"

"అది దినామూ ఉండేదే కదే. పచ్చ కొట్టు."

"డై అంటుకునేది?"

"పచ్చ."

"కొత్త సూపర్‌వైజరు అరిచేది?"

"ఆయప్ప ఇంట్లో ఆయమ్మ అరుస్తాది, ఆయప్ప ఈడ అరుస్తాడు. పచ్చే."

"మన లైన్లో నీళ్లు రానిది?"

అక్క ట్యాబ్ లాక్కుంది. "ఇట్లియ్యి. ఇది నేను కొడతా." ఎర్రరంగు మీద ఆవిడ వేలు అద్దం పగిలేంత గట్టిగా పడింది. ఎంతమందికి ఇబ్బంది అన్న గడిలో లైన్లన్నిటినీ, వచ్చిన చుట్టాలను కూడా కలిపి వేసింది. సమస్య గడి చిన్నదని ఆవిడకు కోపం. అందులోనే కుళాయి, కార్పొరేటరు, ఎదురింటామె బిందె అన్నీ ఇరికించింది. తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఇంగ్లీషు అక్షరాలు తొడుక్కుని ఆ గడిలో ఒకరి మీద ఒకరు కూర్చున్నాయి.

వెనక సీటువాళ్లు వీధిలో పందులు తిరుగుతున్నాయని పసుపు కొట్టారు. డ్రైవరు బంగారుపేట గేటు దగ్గర రైలు కోసం ఆగినంతసేపూ ఎరుపు కొట్టించాడు.

నేను చూశాను. చూసి, రాసేవాళ్ల ఉత్సాహం చెడగొట్టకూడదనుకున్నాను. పైగా హెడ్డాఫీసులో ఇవన్నీ చదివే మనిషి ఉంటాడని నాకు ఏ కోశానా నమ్మకం లేదు. నేను పంపిన రిపోర్టులు ఎన్నో ఏళ్లుగా అక్కడికి పోతున్నాయి. ఒక్కటీ తిరిగొచ్చి బాగున్నావా అని అడిగిన పాపాన పోలేదు.

కానీ ఈసారి చదివేది మనిషి కాదు, తెర. హెడ్డాఫీసులో పెద్దసారు గదిలో గోడకు ఒక తెర పెట్టారట. కంపెనీ యూనిట్లన్నీ అందులో రంగుల చుక్కలు. ఓ ఉదయం పెద్దసారు కాఫీ కప్పుతో దాని ముందు నిలబడ్డాడు. వేమగల్ ఫ్యాక్టరీ పచ్చగా, ముంగారు వానలు పడ్డాక రాగి చేనులా నిగనిగలాడుతోంది. ఆ ఫ్యాక్టరీ పుట్టాక అంత పచ్చగా ఎప్పుడూ లేదు. దాని పక్కన చాంపియన్ రీఫ్స్ అనే చుక్క కొలిమిలో పెట్టిన కర్రులా ఎర్రగా మండుతోంది.

ఫోను మా మేనేజరుకు వచ్చింది. నేను ఎదురుగానే ఉన్నాను.

"చాంపియన్ రీఫ్స్‌లో ఏం జరుగుతోంది?" అని పెద్దసారు అడిగాడు. ఫోను చెవికి దూరంగా పెట్టుకున్నా వినిపించేంత గొంతు.

మా మేనేజరు గురించి ఒక మాట చెప్పాలి. ఆయన తన సర్వీసులో హెడ్డాఫీసుకు "తెలియదు" అని ఎప్పుడూ చెప్పలేదు. ఆ మాట ఆయన నోట్లో తయారవదు. ఆ డై ఆయన దగ్గర లేదు. అందువల్ల లేచి నిలబడి, "కంట్రోల్‌లో ఉంది సార్. నేనే పర్సనల్‌గా చూస్తున్నా సార్" అన్నాడు.

"వాళ్లకు నీళ్లు లేవని వస్తోంది!"

"ఔను సార్. నీళ్లు లేదు సార్. అదే చూస్తున్నా సార్."

"నీళ్లు లేకుండా యూనిట్ ఎలా నడుపుతున్నారయ్యా? ఈ రోజే ట్యాంకర్లు పెట్టించండి!"

ఫోను పెట్టేసి మేనేజరు నా వైపు తిరిగాడు. నుదుటి మీద చెమట ధారగా ఉంది. అది పట్టి పంపినా లైన్లకు ఒక పూట సరిపోయేది.

"ఏనప్పా, ఈ చాంపియన్ రీఫ్స్ యూనిట్ యాడ ఉండేది?"

నేను చెప్పాను. యూనిట్ కాదు సార్, మావాళ్లుండే చోటు, బస్సెక్కే చోటు అని. ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"ఇప్పుడు లేదు అని చెప్పేదానికి ఆగల్ల, కుదరదు" అన్నాడు చివరికి. "కంట్రోల్‌లో ఉంది అని చెప్పేసినాను. లేనిది కంట్రోల్‌లో ఎట్ల ఉంటుంది?"

తర్కం నిజంగా గట్టిది. లేనిదాన్ని కంట్రోల్‌లో ఉంచడమే మా ఇద్దరి ఉద్యోగమూ అని నాకనిపించింది గానీ, పైకి అనలేదు.

ఆదివారం పొద్దున ట్యాంకరు చాంపియన్ రీఫ్స్ లైన్ల ముందుకు వచ్చింది. అంత నీరు అక్కడివాళ్లు ఒక్కచోట చూసి ఎన్నాళ్లయిందో! కోలారు జిల్లాలోని చెరువులన్నీ చుట్టాలొచ్చినట్టు కలిసి వచ్చాయనిపించింది. బిందెలు, బకెట్లు, గంగాళాలు, ఒక పసిపిల్ల స్నానం టబ్బు, ఒక పాత గని హెల్మెట్ కూడా లైన్లో నిలబడ్డాయి. ట్యాంకరు డ్రైవరు కాగితం చేత్తో పట్టుకుని అయోమయంగా చూస్తున్నాడు.

"యూనిట్ యాడుండాదమ్మా? గేటు కనిపించలే."

అక్క కొంగు బిగించి ముందుకొచ్చింది. "ఇదేనప్పా యూనిట్. గేటు రిపేరుకి పోయిండాది. పైపు ఇట్ల తిప్పు."

"సైను ఎవురు పెడతారు?"

అందరూ నన్ను చూశారు. నేను పెట్టాను. నా ఉద్యోగ జీవితంలో ఎన్నో సాఫ్ట్‌వేర్లు వచ్చినట్టు సంతకాలు పెట్టాను. వచ్చిన సరుకు కళ్లారా కనిపించింది ఆ ఒక్కసారే.

ఎదురింటామె బిందె ముందుకు తోసింది. అక్క దాన్ని చూసి, ఏమనుకుందో, "పట్టుకో, పట్టుకో. నీ పేరు కూడా లెక్కలో ఏసినానులే" అంది.

ఇక డైరెక్టర్లు పటం చూసే రోజు వచ్చింది. నన్నూ మేనేజరునూ బెంగళూరుకు పిలిచారు. గది ఎంత పెద్దదంటే, ఈ చివరి నుంచి ఆ చివరికి బిస్కెట్టు ప్లేటు చేరేసరికి మెత్తబడింది. ఆర్కిటెక్టు పటం పరిచాడు. తెరలో కనిపించింది పటంలో ఉండాలి కదా. ఆయన బుద్ధిగా వేమగల్ పక్కన ఇంకో పెట్టె గీశాడు. "చాంపియన్ రీఫ్స్ యూనిట్". దానికి ఎర్ర అంచు, లోపల చిన్న నీటిబొట్టు గుర్తు. కె.జి.ఎఫ్. రవాణా పెట్టె మాత్రం ఎక్కడా లేదు. వేమగల్ లెక్క పోగా, ట్యాబ్‌ల సమాచారమంతా ఆ యూనిట్ లెక్కలో పడిందట. బస్సుకు రావలసిన గీత యూనిట్‌కు పోయింది!

నేను నోరు తెరిస్తే యూనిట్ పోతుంది, మేనేజరు పరువు పోతుంది. తెరవకపోతే బస్సు పోతుంది. మేనేజరు బల్ల కింద నా కాలు తొక్కాడు. మాట్లాడమనో, వద్దనో తెలియదు. బూటు మాత్రం చాలాసేపు అక్కడే ఉంచాడు.

పెద్దసారు కళ్లజోడు సవరించి పటం మీదికి వంగాడు.

"ఈ చాంపియన్ రీఫ్స్ నుంచి వేమగల్‌కు గీత ఏది?"

ఆర్కిటెక్టు తడబడ్డాడు. "సార్, అంటే... అది..."

"నీళ్లు కూడా పంపాం. అక్కడ తయారైంది ఇక్కడికి ఎలా వస్తోంది?"

ఆర్కిటెక్టు నా వైపు చూశాడు. నేను లేచాను.

"బస్సులో వస్తుంది సార్. రోజూ వస్తుంది. వచ్చిందాన్ని ఫ్యాక్టరీ గేటు దగ్గర అప్పగించుకుంటాం."

ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఇది మాత్రం గమనించాలి.

"మరి పటంలో లేదేం?"

"ఖర్చు తగ్గించడానికి తీసేశారు సార్."

పెద్దసారు ఆర్కిటెక్టు వైపు చూసిన చూపుకు ప్రొజెక్టరు బల్బు మసకబారింది. "రెండు యూనిట్ల మధ్య ఉన్న ఒకే దారి తీసేస్తే అలైన్‌మెంట్ ఎలా వస్తుందయ్యా? గీయండి. లావుగా గీయండి."

గీశారు. పటం మొత్తంలో అంత లావు గీత లేదు.

విరామంలో ఆర్కిటెక్టు నన్ను కాఫీ మిషన్ దగ్గర పట్టుకున్నాడు. పాపం, తెలివైనవాడే. "సార్, నిజం చెప్పండి. ఆ యూనిట్‌లో ఏం తయారవుతుంది?"

"షిఫ్టు" అన్నాను. "అక్కడ షిఫ్టు తయారవుతుంది. మీరు ఊగుతూ పాఠం చెప్పారే, ఆ బస్సులో వస్తుంది."

ఆయన కప్పు చేతిలోనే ఆగిపోయింది. లైన్లు, గోపురం, ఎక్కిన అక్క, మొదటి గడి అన్నీ ఒకదాని వెనక ఒకటి ఆయన కళ్లలో దిగడం నాకు కనిపించింది.

"మరి తీసేయాలి కదా సార్!"

"తీసేయండి."

ఆయన కప్పు పక్కన పెట్టాడు. "డైరెక్టర్లు ఒప్పేసుకున్నారు. ఇప్పుడు ఒక యూనిట్ తీసేయాలంటే ఆ యూనిట్ అధిపతి ఒప్పుకుని సంతకం పెట్టాలి. అదే పద్ధతి. నేనే పెట్టాను."

"అధిపతి ఎవరూ లేరుగా."

"లేకపోతే ఎవరినైనా వేయాలి" అని, నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

అలా నేను చాంపియన్ రీఫ్స్ యూనిట్‌కు అధిపతినయ్యాను. జీతం పెరగలేదు, విజిటింగ్ కార్డు పెద్దదైంది. యూనిట్‌ను మూయించే సంతకం నాది కాబట్టి, అది ఇప్పట్లో మూతపడదు. గనుల ఊరిలో ఇలాంటి హామీ ఇవ్వగలిగిన మనిషిని నేనొక్కడినే అయ్యుంటాను.

ఆ తర్వాతి ఏడాది హెడ్డాఫీసు అన్ని యూనిట్లనూ తూకం వేసింది. మా యూనిట్‌కు కరెంటు బిల్లు లేదు, ప్రమాదాలు లేవు, సరుకు వృథా లేదు, సెలవులు లేవు, సమ్మె లేదు. బాగాలేదని తిరిగొచ్చిన పిడి ఒక్కటి కూడా లేదు. ఉత్తమ యూనిట్ అని ఒక షీల్డు ఇచ్చారు. దాన్ని ఎక్కడ పెట్టాలా అని చాలా ఆలోచించి, బస్సులో డ్రైవరు నెత్తిమీద, నిమ్మకాయల దండ పక్కన బిగించాం. అప్పటిదాకా వస్తున్న ట్యాంకరు మాత్రం, షీల్డు ఖాయమైన రోజే ఆగిపోయింది. ఉత్తమ యూనిట్‌కు సమస్యలుండవు కదా అన్నారట.

షీల్డు బిగించిన రోజు బస్సు లైన్ల దగ్గర ఆగింది. అక్క ఎక్కి, దాన్ని కొంగుతో తుడిచి, చదవకుండానే నా పక్క సీటులో కూర్చుంది.

"ఏమప్పా, యూనిట్ సారూ. ఇత్తడిదా?"

"ప్లాస్టిక్‌దమ్మా. మీద రంగు."

"మన ఫ్యాక్టరీ సరుకే అనుకో ఇంగ. సరే గానీ, ఇది నీళ్లు పట్టేదానికి పనికిరాదు. ట్యాంకర్ నిలిపేసినారే, అడిగినావా?"

"అడిగితే అన్నీ పచ్చగా ఉండాయి కదా అంటారమ్మా."

"పచ్చ ఎవురు కొట్టినారు?"

వెనక సీట్లలో చూపులు కిటికీల వైపు మళ్లాయి. షీల్డు వస్తుందన్న సంబరంలో నాలుగు రోజులుగా అన్నిటికీ పచ్చే కొట్టారట.

"తే ఇట్ల" అని అక్క చెయ్యి చాపింది. ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని, మొదటి గడిలో చాంపియన్ రీఫ్స్ అని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. సమస్య గడి దగ్గర ఆగి నన్ను చూసింది. "ట్యాంకర్ అని పెడితే మళ్లా నిలిపేస్తారు. బోరు అని పెడతా. అధిపతివి కదా, నువ్వు సైను పెట్టు."

నేను పెట్టాను. ఆవిడ ఎరుపు మీద వేలు మోపింది. తలుపు దగ్గరున్నవాళ్లు నిదానంగా గంట కొట్టారు, డ్రైవరు అద్దంలో ఒకసారి చూసుకుని బండి కదిపాడు.